వొదిన చీరలో నా సగం

నాకు అసూయ ఎక్కువ. చిన్నప్పుడు మా అమ్మ ఈ మాట అనేది. పెళ్ళయ్యాక మా ఆయన అన్నారు. ఇప్పుడు నా కోడలు అనలేక ఊరుకుంటోంది. ఇంతమందికి అనిపించిందంటే ఉండే ఉంటుంది. కాని భిలాయిలో కాపురం ఉన్న రోజుల్లో నేను పడ్డ కుళ్ళు ముందు తక్కినవన్నీ దిగదుడుపే. చూసేవాళ్ళకి అదేదో చీర గొడవలా, రంగుల సరదాలా కనిపించేది. నా కడుపుమంట మాత్రం మా పక్క క్వార్టరు వొదిన కోసం.

వొదినంటే వరసకి వొదిన కాదు. ఆవిడది బొబ్బిలి పక్క, మాది విజయనగరం. వాళ్ళాయన ఉక్కు ప్లాంటు కోక్ ఓవెన్లలో, మా ఆయన రోలింగు మిల్లులో. నేను కాపురానికి వచ్చేసరికి మా సెక్టారులో సగం ఇళ్ళకి సున్నాలు కూడా వెయ్యలేదు. వీధి నిండా ఎర్రమట్టి. నన్ను దింపి మా ఆయన డ్యూటీకి పోతే, ఆ ఖాళీ గదిలో ట్రంకుపెట్టె మీద కూచుని "అమ్మా, అమ్మా" అని ఏడుస్తున్నాను. గోడవతల నుంచి ఓ గొంతు, "ఎవులమ్మా అక్కడ, తెలుగోళ్ళేటి?" అంది. కాస్సేపటికి ఆ గొంతు మనిషై, వేడి వేడి ఉప్మా గిన్నెతో మా గుమ్మంలోకి వచ్చింది.

ఆ తర్వాత నా రోజు ఆవిడతోనే మొదలయ్యేది. పొద్దున్నే ఎవరి బొగ్గుల సిగిడీ ముందు రాజుకుంటే వాళ్ళు రెండోవాళ్ళకి పట్టుకారుతో రెండు నిప్పులు గోడ మీంచి అందించేవాళ్ళం. మా పెద్దాడు పుట్టినప్పుడు మా అమ్మ రాలేకపోయింది. నాకు నీళ్ళు పోసింది, కాయం తినిపించింది, పిల్లాడికి కాళ్ళ మీద వేసుకుని నలుగు పెట్టింది వొదినే. ఆ ఊళ్ళో నాకున్న పుట్టిల్లు ఆవిడొక్కతే. అలాంటి మనిషిని ఇంకొకరితో పంచుకోమంటే నా వల్ల కాదు.

పంచుకోవలసిన రోజు రానే వచ్చింది. ఎదర క్వార్టరులోకి ఓ నర్సు దిగింది. కిరస్తానీలు, విశాఖపట్నం వాళ్ళు. భర్తకి చరోదా రైల్వేలో ఉద్యోగం, ఆవిడకి ప్లాంటు ఆసుపత్రిలో. ఇంకా పిల్లల్లేరు. మనిషి నెమ్మది. ఎవరింట్లో జ్వరం వచ్చినా అడక్కుండానే వచ్చి చెయ్యి పట్టుకు చూసేది. వీధిలో పిల్లలందరికీ సిస్టర్ దీదీ. ఒక్క వంక పెట్టడానికి లేదు ఆవిడకి, నా బాధంతా అదే. ఎదురుపడితే "సిస్టరుగారూ" అనేదాన్ని. మనసులో మాత్రం ఎప్పుడూ "ఆ నర్సమ్మ" అనే.

దిగిన వారానికే కిటికీలకి తెరలు కట్టింది. ముదురు నీలం, దాని మీద తెల్లటి చక్రాలు. ఒక్కో చక్రం చుట్టూ ముడతల గీతలు. అచ్చు వేసినట్టు లేవు, కుట్టినట్టు లేవు. వీధి వీధంతా ఆగి చూసింది. వొదిన చూసి ఊరుకునే రకం కాదు, తిన్నగా లోపలికి వెళ్ళిపోయి అడిగేసింది. నర్సమ్మ విశాఖపట్నంలో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేసిన రోజుల్లో, రేవులో పనిమీద వచ్చిన ఓ జపాను ఇంజనీరు భార్యకి పురుడు పోసిందట. ఆవిడకి మన మాట రాదు, వీళ్ళకి ఆవిడ మాట రాదు. పక్క మీద ఉన్నన్నాళ్ళూ ఆవిడ చేతిరుమాళ్ళకి ముడులు వేస్తూ, ఈవిడకీ చూపించిందట. షిబోరి అంటారట దాన్ని. ఈ కథంతా వొదిన ఆ పూట గోడ మీద చేతులేసుకుని నాకు చెప్పింది. చెప్తూంటే ఆవిడ కళ్ళు మెరిశాయి. నా చీర కొత్తదైనా, నా పిల్లాడు తొలి అడుగు వేసినా అంతలా మెరవలేదనుకున్నాను.

ఇక మధ్యాహ్నాలు వొదిన అక్కడే. నర్సమ్మ డ్యూటీ నుంచి వచ్చి అన్నం తినగానే వాళ్ళింటి పక్క అరుగు మీద ఇద్దరూ చేరేవారు. గుడ్డలో శనగగింజ పెట్టి, దాని చుట్టూ కొవ్వొత్తి రాసిన దారం బిగించి చుట్టడం. మళ్ళీ ఇంకో గింజ. నీడలో ఓ గోలెం ఉండేది. అందులో నీలిమందు, సున్నం, అన్నభేది కలిపి మూత పెట్టి కదపకుండా ఉంచేది. ముడులేసిన గుడ్డ ముంచి తీస్తే ముందు లేత గడ్డిరంగులో వచ్చేది. గాలి తగిలిన కొద్దీ కళ్ళెదుటే నీలంగా తిరిగేది. ఇదంతా నాకెలా తెలుసంటే, వీధి వైపున్న మా వంటింటి కిటికీలోంచి ఆ అరుగు సగం కనిపించేది. మిగతా సగం కోసం పీట వేసుకుని ఎక్కేదాన్ని.

పిలవలేదని అనను. వొదిన పిలిచింది, నర్సమ్మా పిలిచింది. నాకు చాలా పనుందని చెప్పాను. చెప్పి వచ్చి, తోమిన గిన్నెలే మళ్ళీ తోముకుంటూ కూచున్నాను. వాళ్ళ నవ్వులు వినిపించినప్పుడల్లా ఒళ్ళు మండేది. ఒక రోజు వొదిన నాకు పెరుగు తోడుకి గిన్నె అందిస్తూంటే గోళ్ళు నీలంగా ఉన్నాయి. ఎన్ని స్నానాలు చేసినా ఆ రంగు పోదట. అది చెప్పి ఆవిడ నవ్వింది. నర్సమ్మ గోళ్ళూ అదే రంగని నేను అప్పటికే చూశాను.

అప్పుడు నేనూ మొదలుపెట్టాను, ఇంట్లో తలుపులు వేసుకుని. వాళ్ళని ఏదీ అడగకూడదని పట్టుదల. ఓ దిండు గలీబు తీసి, నిండా శనగలు పెట్టి ముడులు కట్టాను. నీలిమందు ఎక్కడ దొరుకుతుందో తెలియదు కనక తెల్లబట్టలకి పెట్టుకునే నీలం డబ్బా మొత్తం బకెట్లో గుమ్మరించాను. బాగా పట్టాలని రెండు రాత్రులు అందులోనే వదిలేశాను. ముడులు విప్పితే చక్రాలు రాలేదు, శనగలకి మొలకలు వచ్చాయి. ఆ కాస్త నీలమూ మొదటి జాడింపుకే పోయింది. మా ఆయన గలీబు చూసి, సిరా ఒలికిందా అని అడిగారు. ఆ పూట ఆయనకి అన్నం వడ్డించాను కాని మాట్లాడలేదు.

అంతలో లేడీస్ క్లబ్బులో చేతిపనుల సాయంత్రం పెడుతున్నారని తెలిసింది. రష్యన్ ఇంజనీర్ల భార్యలు కూడా వస్తారు. చేత్తో చేసినది ఏదైనా కట్టుకునో, పట్టుకునో రావాలి. వొదినకి ఆశ పుట్టింది. కోఆపరేటివ్ స్టోర్సులో అంచులేని తెల్లటి మిల్లు చీర ఒకటి కొంది. ముత్తైదువకి తెల్లచీరేమిటని ఎవరైనా అంటారని, ఇంటికి తెస్తూనే కొసకి పసుపు బొట్టు పెట్టింది. ఆ చీరని తీసుకెళ్ళి నర్సమ్మ ఒళ్ళో పెట్టింది. నేను గుమ్మంలోంచి చూస్తూనే ఉన్నాను.

నర్సమ్మ ఓ చెంగు నుంచి మొదలుపెట్టి సగం వరకూ ముడులు కట్టేసింది. ఇంతలో ఆసుపత్రిలో ఎవరో సెలవు పెట్టడంతో ఆవిడకి రాత్రి డ్యూటీలు పడ్డాయి. పగలంతా నిద్ర. క్లబ్బు రోజు దగ్గరకొస్తోంది. వొదిన ఆ చీర మూట చంకన పెట్టుకుని మా ఇంటికొచ్చింది. తన ముడులు ఎప్పుడూ జారిపోతాయని, మిగతా సగం నన్ను కట్టమంది. ఎక్కడెక్కడ కట్టాలో నర్సమ్మ పెన్సిలుతో చుక్కలు పెట్టి ఉంచింది, ఆ చుక్కల మీద కడితే చాలట.

ఆవిడ లేదు కనక నా దగ్గరికొచ్చిందని నాకు తెలుసు. తెలిసినా గాల్లో తేలిపోయాను. చీరలో సగం నాది. ఆ రాత్రి మా ఆయనకి ఇష్టమని వంకాయ కూర కూడా చేశాను.

కూచుని కడితే గాని తెలియలేదు, అది ఎంత చాకిరీయో. పది ముడులకే దారం వేళ్ళని కోసేసింది. బిగువు చాలకపోతే రంగు లోపలికి పోతుంది. నర్సమ్మ వైపు చూస్తే ముడులన్నీ రాయిలా ఉన్నాయి. నావి వేలితో తాకితే జారుతున్నాయి. ఆవిడకంటే గట్టిగా కట్టాలి, ఆవిడకంటే తొందరగా కట్టాలి, అదే నా ధ్యాస. అప్పుడు నా కంటికి బైండింగ్ వైరు కనిపించింది.

భిలాయిలో బైండింగ్ వైరు లేని ఇల్లుండేది కాదు. ఎక్కడ చూసినా కొత్త కట్టడాలు. కాంక్రీటు ఊచలు కట్టే ఆ సన్నటి ఇనప తీగ ఎలాగో అందరిళ్ళకీ చేరేది. బట్టల దండెం అదే, కాకరపాదుకి ఆధారం అదే, బకెట్టు చెయ్యి ఊడితే కట్టుకునేదీ అదే. నేను మా ఆయన పటకారు తీసుకుని తీగ చిన్న ముక్కలుగా కత్తిరించి, ఒక్కో శనగగింజ చుట్టూ వేసి మెలి తిప్పాను. ఏం బిగువు! నర్సమ్మ ముడులు నా వాటి ముందు ఎందుకూ కొరగావు. ఒక్క మధ్యాహ్నంలో సగం చీర ముగించి, గర్వంగా వొదినకి అప్పగించాను.

నర్సమ్మ సెలవు రోజున చీర గోలెంలోకి దిగింది. ఈసారి నేను అక్కడే ఉన్నాను, నా సగం నాది కనక. ఆవిడ నా మెలికలు చూసి, "వైరా అండీ?" అంది. ఔనన్నాను. ముంచింది, తీసింది, ఆరబెట్టింది, మళ్ళీ ముంచింది. చివరికి నీళ్ళలో జాడించి, తన వైపు దారాలు కత్తిరించేసింది. తెల్లటి చక్రాలు వరసగా విచ్చుకున్నాయి. నా వైపు విప్పాలంటే పటకారు కావాలి. ఆ పటకారు మా ఆయన ఆ రోజు మిల్లుకి పట్టుకెళ్ళిపోయారు. అంతలో వాన పట్టుకుంది. వొదిన చీరని ఉన్నపళంగా ముద్ద చేసి పట్టుకెళ్ళి తనింట్లో పడేసింది. వాన విడవలేదు. చీర ఆ తడితో అలాగే రాత్రంతా మూలన ఉండిపోయింది.

మర్నాడు వొదిన వాళ్ళింట్లో కూచుని పటకారుతో ఒక్కో మెలికా విప్పాను. చక్రాలు వచ్చాయి, బిగువుగానే వచ్చాయి. కాని ప్రతి చక్రం చుట్టూ సన్నటి ఎర్రటి గీత. తుప్పు. తీగ తడిసి తుప్పు పట్టి, మెలి తిరిగిన చోటల్లా గుడ్డకి అంటుకుపోయింది. నిమ్మకాయ, ఉప్పు వేసి రుద్దాను. చింతపండు రుద్దాను. ఎరుపు కాస్త పసుపుగా మారింది తప్ప పోలేదు. నర్సమ్మ వచ్చి వేలితో తడిమి చూసి, "ఇనుము పట్టేసిందండి, ఇంక పోదు" అంది. చాలా నెమ్మదిగా అంది. తిట్టి ఉంటే నేనూ తిట్టేదాన్ని. వొదిన చీర మడత పెడుతూ, పోతే పోయిందిలే అంది.

క్లబ్బు సాయంత్రం నాకు వెళ్ళాలని లేదు. అంచు లేని చీర అది, ఏ కొస నుంచైనా కట్టుకోవచ్చు. నర్సమ్మ సగం పైటగా వేసుకుంటుంది, నా సగం నడుం దగ్గర దోపి లోపల దాచేస్తుంది. ఎవరైనా అంతే చేస్తారు. నేనైనా అంతే చేస్తాను. ఆ పైట చూసి అందరూ నర్సమ్మని పొగుడుతూంటే నేను పక్కన నిలబడి నవ్వాలి. తలనొప్పని చెప్దామనుకున్నాను. వెళ్ళకపోతే ఏం జరిగిందో తెలియదు కదా అని వెళ్ళాను.

హాలు గుమ్మంలో వొదిన నిలబడి ఉంది. భుజం మీద నుంచి వేలాడుతున్న పైట నిండా ఎర్రగీతల చక్రాలు.

నా కళ్ళని నేను నమ్మలేదు. దగ్గరికెళ్ళి చూశాను. నాదే. ఊరందరి ముందూ, తుప్పు మరకలతో సహా నా సగాన్ని భుజాన వేసుకుని వచ్చింది. నర్సమ్మ సగం కుచ్చిళ్ళ కింద, లోపలెక్కడో ఉంది. పురిట్లో నన్ను చూసుకున్న మనిషి, నన్ను వదిలేసిందనుకున్న మనిషి, చెప్పకుండా ఇంత పని చేసింది. ఇన్నాళ్ళూ అనవసరంగా ఏడిచాననుకున్నాను.

అక్కడితో ఆగలేదు. ద్రాక్షపండు రంగు గౌను వేసుకున్న ఓ లావుపాటి రష్యన్ ఆవిడ వొదిన పైట చేతిలోకి తీసుకుని, ఎర్రగీత మీద వేలు పెట్టి, "ఖరషో, ఖరషో" అంది. బాగుందనడానికి వాళ్ళు వాడే ఆ మాట భిలాయిలో చంటిపిల్లలకి కూడా తెలుసు. మిగతావాళ్ళని పిలిచి చూపించింది. నీలం, తెలుపు సరే, ఈ ఎరుపు ఎలా వచ్చిందని వచ్చీరాని హిందీలో అడిగింది. వొదిన నా రెక్క పట్టుకుని ముందుకి లాగి, ఇదిగో ఈవిడే చేసిందని చూపించింది. వాళ్ళంతా నా వైపు తిరిగారు. నేను సమోసా ప్లేటు పట్టుకుని సిగ్గుపడ్డాను.

అప్పుడు నర్సమ్మ కనిపించింది. రెండో వరస కుర్చీలో కూచుని వొదిన పైటనే చూస్తోంది. పెదాలు నవ్వుతున్నాయి, కళ్ళు లేవు ఆ నవ్వులో. ఆ మొహం నాకు బాగా తెలుసు. మా వంటింటి కిటికీ దగ్గర పీట ఎక్కి నిలబడ్డ మొహం అది. జాలి పడవలసింది. పడలేదు. ఇంకో సమోసా తీసుకుని, ఆవిడకి బాగా కనిపించేలా వొదిన పక్కకెళ్ళి నిలబడ్డాను.

ఇంటికి నేనూ వొదినా నడిచి వచ్చాం. నర్సమ్మ డ్యూటీకి అటునుంచి అటే వెళ్ళిపోయింది. నా మీద అభిమానంతోనే వేసుకున్నానన్న ముక్క వొదిన నోటి నుంచి వినాలనుంది. అడక్కుండా ఉండలేకపోయాను. నా వైపెందుకు పైటేసుకున్నావని అడిగాను.

వొదిన చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని బురద దాటుతూ, "మంచి వేపు పైకేసుకుని టీలూ నూనెలూ ఒలికించుకోమంటావేటే అమ్మీ? నీ వేపు ఎలాగూ మరకలే గదా, ఇంకోటి పడినా తెలీదు. సిస్టరు కట్టింది లోపల భద్రంగా ఉంటాదని అలగ కట్టేను. ఈ దొరసానులు ఇంత మెచ్చుకుంటారని నాకేటి తెల్సు?" అని గట్టిగా నవ్వింది.

నేనూ నవ్వాను. ఆవిడకి నా మొహం కనిపించలేదు, బురద చూసుకుంటోంది. ఇంటికొచ్చి పిల్లాడికి అన్నం పెట్టాను. మా ఆయన క్లబ్బు ఎలా జరిగిందని అడిగితే, రష్యన్ వాళ్ళు నా పని మెచ్చుకున్నారని చెప్పాను. అది అబద్ధం కాదు. కాని కడుపులో మంట మాత్రం మొదటి రోజు కంటే ఎక్కువగా ఉంది. వొదినకి ఏదైనా భద్రం చేసుకోవాలనిపించిందంటే అది నర్సమ్మ చేతిది. ఒలికినా పరవాలేదనిపించింది నాది.

మర్నాడు నర్సమ్మ మా ఇంటికొచ్చింది. మా గుమ్మం ఎక్కడం అదే మొదలు. డ్యూటీ నుంచి వచ్చి పడుకున్నట్టు లేదు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చేతిలో చిన్న తెల్లగుడ్డ. కొంచెం వైరు ఇస్తే తనూ కట్టి చూస్తానంది. దండెం కొసన మిగిలిన తీగ తెంపి ఇచ్చాను. తీసుకుంది గాని కదల్లేదు. తీగని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది.

"మీ వేపే ఎందుకు పైకేసుకున్నారో, మీకేమైనా చెప్పేరేటండి ఆవిడ?" అంది చివరికి, నా వైపు చూడకుండా.

పట్టింపు లేనట్టు అడగడానికి ఎంత కష్టపడాలో నాకు తెలుసు. రాత్రంతా ఆ మాట ఎలా అడగాలా అని అనుకునే ఉంటుంది. నేను ఒక్క ముక్క చెప్తే చాలు, ఎర్రటి ఆ కళ్ళు విచ్చుకుంటాయి. నీది మంచిదని దాచుకుందమ్మా అంటే, వీధి దాటి నవ్వుకుంటూ వెళ్ళి హాయిగా నిద్రపోతుంది.

నేను నవ్వాను. తల వంచుకుని, చెప్పకూడని మాటేదో మా ఇద్దరి మధ్యా ఉన్నట్టు నవ్వాను. ఆ నవ్వులో ఆవిడ ఏం చూడాలో అదే చూసింది. మెల్లగా తల ఊపి, వైరు ముక్క చేతిలో పట్టుకుని వీధి దాటింది. నా గుమ్మంలోంచి చూస్తూండగానే తలుపు వేసుకుంది.

ఆ చీర వల్ల నాకు మిగిలింది అదొక్కటే. నన్ను చూసి అంతగా కుళ్ళుకున్న మనిషి నాకు అంతకు ముందు లేదు, తర్వాతా దొరకలేదు. నిజం చెప్పి ఆవిణ్ణి పోగొట్టుకోవడం నా వల్ల కాలేదు.